ముప్పైయ్యొకటి తర్వాత

నీవా ఒడ్డున పద్నాలుగు ఇళ్ళు.
పదమూడింటికి నోటీసు గోడకి అంటించారు.
వళ్ళెమ్మ ఇంటికి గోడ లేదు, రేకులు.
రేకుకి మైదా జిగురు పట్టదని
కాగితం ఆమె చేతికే ఇచ్చి వేలిముద్ర వేయించుకున్నారు.

అట్లా వచ్చింది ఫైలు నా దగ్గరికి.
జిల్లా న్యాయ సేవా సంస్థ ఉత్తర్వు,
నా పేరు, నా పేరులో ఒక అక్షరం తప్పు,
చివర్లో: ఉచితంగా.

ఆమెకు ఉచితం.
నాకు మూడు మెట్లలో ఫీజు.
దావా వేస్తే కొంత, సాక్ష్యం నడిస్తే కొంత,
తీర్పు నకలు జతచేస్తే మిగతాది.
జెరాక్సులు, స్టాంపులు, ఇళ్ళు చూసి రావడానికి ఆటో
పట్టికలో లేవు.
ఆ పట్టిక రాసినాయన
నీవా ఒడ్డుకి ఎప్పుడూ నడిచే పోయుంటాడు.

స్టే వచ్చింది.
ఆ రోజు చిత్తూరు కోర్టు మెట్ల మీద
వళ్ళెమ్మ కొంగులోంచి రెండు బెంగుళూరా కాయలు తీసింది.
గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు తరుగుతుంది, సీజను మూడు నెలలు.
గోళ్ళ సందుల్లో పసుపు,
సొనకు పొక్కిన వేళ్ళు.

బిల్లు పెట్టాను.
కేసు ముగియలేదని వెనక్కొచ్చింది.
స్టే అంటే గెలుపు కాదంట, మజిలీ అంట.
ఇల్లు నిలబడున్నంత కాలం కేసు నిలబడుంటుంది,
కేసు నిలబడున్నంత కాలం
నా బిల్లు పచ్చికాయే.
జేసీబీ వస్తే మాత్రం ఒక్క పూటలో పండుతుంది:
ఇల్లు లేదు గనక వివాదము లేదు,
పిటిషను కొట్టివేయడమైనది,
నకలు జతపరచవలెను.

ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు.
సెక్షన్ గుమాస్తా చెంగల్రాయుడు, మంచివాడే,
టీ గ్లాసు నా ఫైలు మీద పెట్టి
"గెలిచేవాళ్ళకే లేటవుతుంది మేడం" అన్నాడు.
గ్లాసు తీశాక ఉత్తర్వు మీద గుండ్రటి సీలు.
ఆ ఏడు ఆ ఫైలుకి పడిన సీలు అదొక్కటే.

మార్చి ముప్పైయ్యొకటికి మా ప్యానెల్ గడువు తీరింది.
కొత్త జాబితా సంతకానికి పోయింది.
ఎవరి బల్ల మీదుందంటే
మూడు ఆఫీసులు మూడు బల్లలు చెప్పాయి.
పాతవాళ్ళు సగం మంది ఈసారి దరఖాస్తే పెట్టలేదు.
ఇళ్ళ కేసుల్లో నాకు దారి చూపిన దామోదరం సారు
చెక్ బౌన్సులకి మళ్ళాడు.
తప్పేముంది, ఆయనదీ అద్దె ఇల్లే.

వాయిదా ఏప్రిల్ తొమ్మిది.
"పిటిషనర్ తరఫున ఎవరు?"
నేనున్నాను, కోటేసుకుని, ముందు వరసలో.
కాగితం ప్రకారం లేను.
వెనక బెంచీలో వళ్ళెమ్మ నా వీపు కేసి చూస్తోంది,
తిరక్కుండానే తెలుస్తోంది.
లేచాను.
కొత్త వకాలత్, సంక్షేమ స్టాంపు
నా పర్సులోంచి.
జూన్ పదహారు అన్నారు.

బయటికొచ్చాక అడిగింది:
"నీకు దుడ్లు రాలేదంట గదా మేడం,
చెంగల్రాయుడన్న చెప్పినాడు.
ఏంది, నీది గూడా క్రేటు లెక్కేనా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు.
"మా ఫ్యాక్టరీలో అయితే
క్రేటు నిండకపోయినా
తరిగిన కాయకి లెక్క రాసుకుంటారే."

నిన్న సాయంత్రం ఒడ్డుకి నడిచే పోయాను.
పదమూడు ఇళ్ళు.
ఒకరు ఎదురుచూడలేక రేకులు వాళ్ళే విప్పి
తమిళనాడు లారీకి ఎత్తుకున్నారంట.
మిగతా చోట్ల పొగ లేస్తోంది,
ఎవరో చింతపండు పిసుకుతున్నారు,
ఒక పిల్లోడు స్టే కాగితం జెరాక్సు మీద
లెక్కలు చేసుకుంటున్నాడు.

ఇంటికొచ్చి బిల్లు ఫారం మళ్ళీ తీశాను.
ఫలితం అనే గడి అర అంగుళం.
పెన్సిలుతో రాశాను:
వంట చేసుకుంటున్నారు.